కోళ్ల ఇంటికి టేకు కిటికీలు

ఆ రోజు పొద్దున వీరరాఘవయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే వడ్రంగి బాలశౌరి వస్తాడు. గొడ్ల సావిడి అటక మీదున్న నాలుగు పాత కిటికీలు కిందికి దించుతారు. పెరట్లో కోళ్ల ఇంటి గోడలకు నాలుగు కన్నాలు కొట్టి వాటిని బిగిస్తారు. పదింటికల్లా పని పూర్తి. పదిన్నరకు స్నానం, పదకొండింటికి భోజనం, ఆ తర్వాత నులక మంచం మీద ఓ కునుకు. పథకాలన్నీ పొద్దున పూట ఇంత ముచ్చటగానే ఉంటాయి.

అది డెబ్బై నాలుగో సంవత్సరం, రోహిణి కార్తె. తిరువూరులో ఆ ఏటి వరకూ కోడికి ఇల్లంటే బోర్లించిన గంపే. పొద్దున గంప ఎత్తితే ఊరి మీద పడి తిని, పొద్దుగూకితే దానంతట అదే వచ్చి గంప కింద దూరేది. అలాంటి ఊళ్లోకి బ్లాకు ఆఫీసు ధర్మమా అని తెల్ల లెగ్‌హార్ను కోళ్లు దిగాయి. తెల్లగా, సన్నగా, ఎర్రటి జుట్టు ఓ పక్కకు వాల్చుకుని, పట్నం నుంచి వచ్చిన టీచరమ్మల్లా నడిచేవి. రోజూ గుడ్డు పెడతాయి, పొదగవు. గుడ్డు పెట్టి దాని వంక తిరిగి చూడని తల్లిని తిరువూరు అప్పటిదాకా ఎరగదు. ఊళ్లో ఆడవాళ్లు పని మానుకుని మరీ వచ్చి ఆ వింత చూసి, బుగ్గలు నొక్కుకుని వెళ్లేవారు.

వీరరాఘవయ్య అలాంటివి నలభై తెచ్చాడు. బావురుపిల్లి భయంతో వాటికోసం పెరట్లో ఇటుక గోడలు కట్టి, పైన రేకులు పరిచి, ఒకే ఒక్క తలుపు పెట్టాడు. పిల్లి రాలేదు, నిజమే. గాలి కూడా రాలేదు. ఎండలు మొదలయ్యాక కోళ్లు నోళ్లు తెరుచుకుని, రెక్కలు వేలాడేసి రొప్పడం మొదలుపెట్టాయి. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి చచ్చిపోయాయి. పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చి లోపలికి తల పెట్టి, పెట్టినంత వేగంగా బయటికి తీశాడు.

"రాఘవయ్యగారూ, వీటికి రోగమేం లేదండీ. ఊపిరి లేదు. గాలాడే దారి చూడండి. లేకపోతే ఆదివారానికి మీకు గూడే మిగులుద్ది."

గాలి దారి అనగానే వీరరాఘవయ్యకు అటక మీది కిటికీలు గుర్తొచ్చాయి. నిజం చెప్పాలంటే అవి ఆయనకు గుర్తుకు రాని రోజంటూ లేదు. అవి వాళ్ల నాన్నగారి పెంకుటింటి కిటికీలు. అచ్చమైన టేకు చట్రాలు, లావుపాటి ఇనుప ఊచలు, రెండేసి రెక్కలు. ఆరేళ్ల కిందట ఆ పెంకుటిల్లు పడగొట్టి డాబా కట్టినప్పుడు దూలాలు పోయాయి, వాసాలు పోయాయి, పెంకులు పోయాయి. ఈ నాలుగు కిటికీలు మాత్రం గోనెపట్టాల్లో చుట్టి అటకెక్కించాడు. ఎందుకు అమ్మలేదని భార్య సుబ్బాయమ్మ అడిగితే "సరైన బేరం రావట్లేదే" అనేవాడు. బేరాలు వచ్చాయి. వచ్చినవాళ్లకు అవి చెదలు పట్టాయని చెప్పి పంపించేవాడు.

పెంకుటింటితో పాటు ఇంకొకటి కూడా పోయింది. ఎ.కొండూరులో ఉండే అక్కగారు సరోజినీదేవి రాకపోకలు. పుట్టిల్లు పడగొడుతున్నట్టు ఆవిడకు ముందు చెప్పలేదు. సరే, పని తొందర. డాబా గృహప్రవేశానికైనా భార్యాభర్తలు స్వయంగా వెళ్లి, ఆడపడుచుకు బొట్టు పెట్టి పిలవాలి కదా. మేస్త్రీలు, సున్నం, చుట్టాలు అన్న హడావుడిలో వీరరాఘవయ్య అచ్చేయించిన కార్డు మీద ముందుగా అక్కగారి పేరు రాసి పోస్టులో పడేశాడు. నాలుగో రోజు ఆ కార్డే తిరిగొచ్చింది. వెనక రెండు ముక్కలు రాసి ఉన్నాయి. "కార్డు చేరింది. బొట్టు చేరలేదు."

అంతే. ఆరేళ్లు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఆవిడ పందిట్లో ఆ చివరకు వెళ్లేది. పక్కనున్న నెమలి ఊరి తిరనాళ్లలో కనబడితే ఈయన బావగారిని పలకరించి, అక్కగారి కాళ్ల వంక చూసి వచ్చేసేవాడు. తప్పు తనదేనని ఆయనకు మొదటి రోజే తెలుసు. తెలిసిన తప్పు ఒప్పుకోవడానికి మొదటి రోజు దాటితే ఎంత కష్టమో తమ్ముళ్లకే తెలుస్తుంది. ఒక్కసారి ఎ.కొండూరు బస్సెక్కి, "అక్కయ్యా, ఇంటికి రా" అంటే సరిపోయేది. ఆ మూడు ముక్కలు ఆరేళ్లుగా ఆయన గొంతులో ముల్లులా అడ్డం పడి ఉన్నాయి.

బాలశౌరి చెప్పిన వేళకే వచ్చాడు. అది అతని వంశంలోనే లేని అలవాటు కాబట్టి, ఆ రోజు ఏదో జరగబోతోందని వీరరాఘవయ్య అప్పుడే గ్రహించి ఉండాల్సింది. కోళ్లను సావిడిలో గంపల కింద మూశారు. గూడు ఊడ్చి, సున్నం కొట్టించి, కొత్త ఊక పరిచారు. మట్టి అడుసుతో కట్టిన గోడ కాబట్టి గునపం దెబ్బకు కన్నాలు సులువుగానే పడ్డాయి. బాలశౌరి కిటికీ చట్రం దగ్గర కూర్చుని ఊచల మధ్య తన చెయ్యి దూర్చాడు. చెయ్యి దూరింది. మోచెయ్యి కూడా దూరింది.

"అయ్యా, ఈ ఊచల సందు..."

"సందు సంగతి తర్వాత చూద్దాంలే. ముందు నిలబెట్టు" అన్నాడు వీరరాఘవయ్య.

అప్పుడే సుబ్బాయమ్మ పెరట్లోకి వచ్చింది. ఆవిడ పథకం వేరు. ఆ రోజు ఆవకాయ. మామిడికాయ ముక్కలు కొట్టించి, హాల్లో ఫ్యాను కింద పాత చీర పరిచి ఆరబోసింది. చేతికి ఆవపిండి, కొంగుకు కారం. ఆ అవతారంలో వచ్చి, నేల మీదున్న చట్రాల్ని చూసి ఆగిపోయింది.

"ఏవండీ, వీటిని అట్టాగే నిలబెట్టేస్తారా?"

"మరెట్టా నిలబెట్టాలి?"

"పూజ అందుకున్న కర్రండీ అది. మామయ్యగారు గుమ్మాలెత్తినప్పుడు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి నిలబెట్టిన కిటికీలు. ఒట్టి గోడకి అడ్డంగా పెట్టేస్తే ఏం బావుంటుంది?"

"సుబ్బులూ, ఇది కోళ్ల గూడే!"

"గూడు కోళ్లదైతే కిటికీలు కోళ్లవా?"

వీరరాఘవయ్య గునపం గోడకు ఆనించాడు. బాలశౌరి కూడా ఉలి కింద పెట్టేశాడు. "అమ్మగారు చెప్పింది నిజమేనండీ. మేమూ ప్రార్థన చేసుకోకుండా గుమ్మం ఎత్తం" అన్నాడు. సుబ్బాయమ్మ నాలుగు కిటికీలకూ నిండుగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. చెట్టు పక్కనే ఉంది కదా అని నాలుగు మామిడాకులు గుచ్చి తోరణం కట్టింది. కొబ్బరికాయ కొట్టింది. నల్లటి పాత టేకు మీద పసుపు పడగానే వీరరాఘవయ్యకు ఎందుకో కళ్లు చెమర్చాయి. సున్నం దుమ్ము పడిందని కండువాతో తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడు పెరటి పక్క సందులోంచి మజ్జిగ చిట్టెమ్మ వెళ్తోంది. చిట్టెమ్మ తల మీద మజ్జిగ కుండ, నోట్లో ఊరి కబుర్లు మోస్తూ ఇంటింటికీ రెండూ పోసి వస్తుంది. ఆవిడ కళ్ల పడ్డవి ఇవి: కొత్త సున్నం కొట్టిన గోడలు, పసుపు రాసిన టేకు కిటికీలు, తోరణం, పగిలిన కొబ్బరికాయ. కోళ్లు సావిడిలో ఉన్నాయి కాబట్టి ఒక్క కోడి ఈక కూడా ఆవిడకు కనబడలేదు.

"రాఘవయ్యగారు చడీచప్పుడూ లేకుండా గుమ్మాలెత్తేశారమ్మా!" అన్న మాట తొమ్మిదింటికి బజారు చేరింది. తొమ్మిదింపావుకు దానికి చిలవలూ పలవలూ మొలిచాయి. తొమ్మిదిన్నరకు బస్టాండు చేరేసరికి కోళ్ల గూడు రెండంతస్తుల మేడ అయింది. పదింటి బస్సు కండక్టరు ఆ మేడను టికెట్టు లేకుండా ఎక్కించుకుని, ఎ.కొండూరులో సరిగ్గా సరోజినీదేవి ఇంటి ముందు దించాడు.

ఇక్కడ పథకం ప్రకారమే పని అయిపోయింది. నాలుగు కిటికీలూ గోడల్లో కుదురుకున్నాయి. రెక్కలు బార్లా తీసి పెట్టారు. ముప్పై ఎనిమిది కోళ్లనూ మళ్లీ లోపలికి తోలి తలుపు గడియ పెట్టారు. గాలి ఈ కిటికీలోంచి దూరి ఆ కిటికీలోంచి పోతోంది. కోళ్లు రొప్పడం ఆపి, తలలు వంచి, ఏమిటిదన్నట్టు గాలిని వాసన చూశాయి. వీరరాఘవయ్య ఆనందంగా తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి బయల్దేరాడు.

"అయ్యా, ఆ ఊచల సందు..." అన్నాడు బాలశౌరి.

"రాఘవయ్యగారున్నారా?" అని వీధిలోంచి కేక వినిపించింది.

వచ్చింది బజారులో సిమెంటు, ఇనుము అమ్మే కాశీవిశ్వనాథం. అరుగు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు. కోపంగా వచ్చినవాళ్లు ముందు కూర్చోరు.

"మూడు తరాల నుంచి మీ ఇంటికి మా కొట్టు నుంచే మేకు రావాలి, చీల రావాలి. ఇవాళ మీరు ఇల్లు మొదలుపెడితే నాకు మజ్జిగ చిట్టెమ్మ చెప్పాలా? సిమెంటు ఎక్కడ తీసుకున్నారండీ?"

"ఇల్లేంటి శెట్టిగారూ? అది కోళ్ల గూడండీ!"

కాశీవిశ్వనాథం వరండా చివరకు నడిచి, అక్కణ్ణుంచి పెరట్లోకి తొంగి చూశాడు. కోళ్లున్న చోటుకు ఆయన ఆచారం ప్రకారం వెళ్లడు. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, దూరం నుంచే పసుపు కిటికీలూ తోరణమూ చూశాడు. చూసి, వెనక్కి వచ్చి, గొంతు తగ్గించాడు. అవి సిమెంటు పర్మిట్ల రోజులు. ఇంటికి పర్మిటు దొరకడం కష్టమని, కట్టేది ఏదైనా కాగితంలో ఇంకేదో రాసుకునేవాళ్లు.

"అర్థమైందండీ. మీరు కోళ్ల గూడనే చెప్పండి, ఎవరడిగినా. మా బావమరిదీ మేడ కట్టి గోశాలని రాయించాడు. నేను ఎవరికీ చెప్పనులెండి."

"శెట్టిగారూ, నిజంగానే కోళ్ల గూడండీ!"

"అదే, అదే. అట్టాగే గట్టిగా చెప్పాలి" అని మెచ్చుకుని వెళ్లిపోయాడు కాశీవిశ్వనాథం. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. దారిలో కలిసినవాళ్లందరికీ "రాఘవయ్యగారిది మేడ కాదట, కోళ్ల గూడట" అని కన్ను కొట్టి మరీ చెప్పాడు. దాంతో అప్పటిదాకా అనుమానం ఉన్నవాళ్లకు కూడా అది తీరిపోయింది.

స్నానానికి రెండోసారి బయల్దేరేసరికి పెదనాన్న ఆదిశేషయ్య దిగాడు. చేతికర్ర, వెనక అయిదుగురు చుట్టాలు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కొబ్బరికాయ. ఆదిశేషయ్యకు ఎనభై దాటాయి. వంశంలో ఆయనకు చెప్పకుండా ఇంతవరకూ ఎవరూ ఇల్లు కట్టలేదు. చెప్పి కట్టినవాళ్లను కూడా ఆయన మెచ్చుకోలేదు.

"ఒరే రాఘవా! మూఢంలో గుమ్మాలెత్తావంట్రా? ముహూర్తం పెట్టిందెవడు?"

"పెదనాన్నా, కోళ్ల గూటికి ముహూర్తమేంటి?"

"నోర్ముయ్! నా ఎనభై ఏళ్లలో కోడికి టేకు కిటికీ పెట్టినవాణ్ణి చూళ్లేదు. కోడికి గంప చాలు. నేను పుట్టిన ఇంటికే సరైన కిటికీ లేదు. పెద్దముండావాణ్ణి పిలవాల్సొస్తుందని కోళ్ల మీద పెడతావా?"

చుట్టాలు అరుగు మీద వరసగా కూర్చున్నారు. శుభకార్యానికి వచ్చినవాళ్లను మంచినీళ్లతో పంపడానికి సుబ్బాయమ్మ పుట్టింటివాళ్లు ఆవిడకు నేర్పలేదు. ఆవకాయ పక్కన పెట్టి, ఎసరు పెట్టడానికి వంటింట్లోకి పరుగెత్తింది. ఆదిశేషయ్య వాస్తు మొదలుపెట్టాడు. పెరట్లో ఈశాన్యం మూల ఇల్లు లేస్తే వంశానికి ఏమవుతుందో, ఎవరెవరికి అయిందో, పేర్లతో సహా ముప్పావుగంట చెప్పాడు. మధ్యలో బాలశౌరి రెండుసార్లు వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు.

"అయ్యా, ఊచల..."

"ఉండవయ్యా బాలశౌరీ, ఇక్కడ వంశం పోతుంటే!" అన్నాడు వీరరాఘవయ్య. బాలశౌరి వెళ్లి మామిడిచెట్టు కింద కూర్చుని బీడీ ముట్టించాడు.

పన్నెండు కావస్తుండగా పెరటి సందు వైపు నుంచి గొడుగు ముందు కనిపించింది. గొడుగు కింద సరోజినీదేవి. వెనక ఆవిడ భర్త జగన్నాథరావు, చేతిలో తాటి ముంజల గెల. ఆయన నలభై ఏళ్ల కాపురంలో ఒక్కటే నేర్చుకున్నాడు. భార్య కోపంగా ప్రయాణమైనప్పుడు ఎక్కడికని అడక్కుండా గొడుగు తీసుకుని వెంట నడవాలి. దారిలో ఏవైనా దొరికితే కొనాలి. వీధి గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి కాబట్టి ఆవిడ సందులోనే ఆగింది.

"రాఘవా!"

ఆ పిలుపు విని వీరరాఘవయ్య భుజం మీది తువ్వాలు కింద పడింది. ఆరేళ్లయింది ఆ గొంతు తన పేరు పలికి. అరుగు మీదున్న ఆదిశేషయ్యతో సహా అందరూ లేచి, ఇంట్లోంచి పెరట్లోకి నడిచారు. వంటింట్లోంచి సుబ్బాయమ్మ కూడా గరిటెతో పరుగెత్తుకొచ్చింది. ఇంట్లో ఒక్క పురుగు మిగల్లేదు. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. హాల్లో ఫ్యాను మామిడి ముక్కల మీద తిరుగుతూనే ఉంది.

"ఆ ఇంటికి కార్డైనా వేశావు" అంది సరోజినీదేవి. "ఈ ఇంటికి అదీ దండగనుకున్నావా?"

"అక్కయ్యా, ఇది ఇల్లు కాదు. నా మాట విను. కోళ్ల గూడు."

"నా మొహాన కోళ్ల గూడంటావా? పసుపు రాసి, తోరణం కట్టి? అక్కకి చెప్పాలనిపించలేదని చెప్పు, అది నయం. కోళ్లని అడ్డం పెట్టుకోకు."

ఇంక ఒకటే దారి. వీరరాఘవయ్య గబగబా వెళ్లి కోళ్ల ఇంటి తలుపు గడియ తీశాడు. "కళ్లతో చూడండి! ముప్పై ఎనిమిది తెల్ల లెగ్‌హార్నులు!" అని గట్టిగా అరిచి, తలుపు బార్లా నెట్టాడు. అందరూ తొంగి చూశారు.

లోపల ఒక్క కోడి లేదు. తెల్లటి సున్నం గోడలు, మెత్తటి కొత్త ఊక, నాలుగు పసుపు కిటికీలు, చల్లటి గాలి. ఎవరైనా ఆ క్షణమే పాలు పొంగించుకోవచ్చు. ఆదిశేషయ్య విజయగర్వంతో కర్ర నేలకేసి కొట్టాడు.

"కోళ్లేవిరా?"

వీరరాఘవయ్య తలుపు వెనక్కి కూడా తొంగి చూశాడు. మామిడిచెట్టు కింద నుంచి బాలశౌరి లేచి వచ్చాడు. "అదే అయ్యా, పొద్దుట్నుంచీ చెబుదామని చూస్తన్నా. ఊచల సందు ఎడంగా ఉంది. మనుషులకి పెట్టిన కిటికీలు కదండీ, దొంగల్ని ఆపతాయి గానీ కోళ్లని ఆపవు. ఈ పట్నం కోళ్లు అసలే సన్నం. ఇందాకట్నుంచీ ఒక్కొక్కటే బయటికి దూకి డాబా అవతలి నీడకి పోతుంటే చూస్తానే ఉన్నా."

"చూస్తూ ఊరుకున్నావా?"

"ఉండవయ్యా అన్నారు. ఉన్నా."

కానీ ఎవరూ అతని మాట వినడం లేదు. సరోజినీదేవి గొడుగు భర్తకిచ్చి, తల వంచి, ఆ చిన్న తలుపులోంచి లోపలికి వెళ్లింది. దగ్గర నుంచి ఆ చట్రాల్ని ఇప్పుడే చూసింది. తూర్పు వైపు కిటికీ ముందు ఆగి, కింది కర్ర మీద పసుపు వేలితో తుడిచింది. పసుపు కింద మేకుతో చెక్కిన వంకర అక్షరం ఉంది. 'స'.

"ఒరేయ్, ఇవి నాన్న కిటికీలు కదరా" అంది మెల్లగా.

వీరరాఘవయ్య ఇరుకున పడ్డాడు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇది ఇల్లంటే అక్కయ్యకు అవమానం. కోళ్ల గూడంటే నాన్నకు అవమానం. ఇంకేదైనా అందామంటే గోడలు కట్టింది తనే. ఇంత దూరం వచ్చిన అక్క ఈసారి వెళ్తే ఇక ఈ జన్మలో రాదు. అదొక్కటే ఆయనకు తెలుస్తోంది. అబద్ధాలు వెతుక్కునే ఓపిక ఆ ఎండలో ఆయనకు లేకపోయింది.

"నాన్నవే అక్కయ్యా. అమ్మలేకపోయాను. ఎవరొచ్చి అడిగినా చెదలు పట్టాయని చెప్పాను. అటక మీద దాచుకున్నా. కోళ్లు గాలాడక చచ్చిపోతుంటే దించాను. నీకు చెప్పకుండా ఇల్లు పడగొట్టాను, తప్పే. పోస్టులో కార్డేశాను, అది ఇంకా తప్పు. ఇది మాత్రం నిజంగానే కోళ్ల గూడు. కోళ్లు లేకపోతే నేనేం చెయ్యను?"

సరోజినీదేవి ఇంకా ఆ అక్షరం మీదే చెయ్యి ఉంచింది. చిన్నప్పుడు ఆ కిటికీలో ఇద్దరూ చెరో వైపు కాళ్లు వేలాడేసుకుని కూర్చునేవాళ్లు. ఊచలు పట్టుకుని, ఎ.కొండూరు సంత నుంచి నాన్న బండి వస్తుందేమోనని చూసేవాళ్లు. ముందు గంటల చప్పుడు వినబడేది, తర్వాత ఎద్దుల కొమ్ములు కనబడేవి, ఆ తర్వాత నాన్న తలపాగా. జీళ్ల పొట్లం ఊచల సందులోంచే లోపలికి వచ్చేది. ఆ సందు ఎడంగా ఉండటం ఆ రోజుల్లో ఎంత సుఖంగా ఉండేదో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"ఈ 'స' చెక్కింది నేను" అంది ఆవిడ.

"దెబ్బలు తిన్నది నేను" అన్నాడు తమ్ముడు.

"నీకు అప్పటికి అక్షరాలు రావని చెప్పినా నాన్న నమ్మలేదు."

"నువ్వెక్కడ చెప్పావు? కిటికీ వెనక నుంచి చూస్తూ నిలబడ్డావు."

ఆవిడ నవ్వింది. నవ్వుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గాలి ఆ కిటికీలోంచి వచ్చి ఆవిడ నెరిసిన జుట్టు కదిలించింది. "వేసంకాలం నాన్న దూడల్ని తెచ్చి ఈ కిటికీ కిందే కట్టేవాడు, గుర్తుందా? నోరులేని జీవాలు, వీటికి గాలాడాలే అని మనల్ని అరుగు మీదకి తోలేవాడు. నాన్నే ఉంటే ఈ కోళ్లకి తానే ముందు పెట్టేవాడు. నేనేమీ అనుకోలేదురా."

ఆదిశేషయ్యకు ఈ పరిణామం నచ్చలేదు కానీ గాలి నచ్చింది. నులక మంచం లోపలికి తెప్పించుకుని తూర్పు కిటికీ కింద వేయించుకున్నాడు. చుట్టాలు ఊక మీద చాప పరిచి కూర్చున్నారు. జగన్నాథరావు ముంజలు కొట్టడం మొదలుపెట్టాడు. పై రేకుల వేడి ఏమైందో కానీ, ఆ నాలుగు కిటికీల మధ్య కూర్చుంటే డాబాలో లేని చల్లదనం ఉంది. నాన్నగారి పెంకుటింటి చల్లదనం అది. డాబా కట్టిన నాటి నుంచీ వీరరాఘవయ్య దాన్ని వెతుకుతూనే ఉన్నాడు.

"ఈశాన్యం అయినా గాలి బానే వస్తందిరా" అని ఒప్పుకున్నాడు ఆదిశేషయ్య, మూడో ముంజ చేతిలోకి తీసుకుంటూ.

భోజనాల వేళయింది. సుబ్బాయమ్మ ఆడపడుచు వంక, మొగుడి వంక చూసింది. సరోజినీదేవి చాప మీంచి లేవలేదు. "నేను రాఘవ ఇంట్లోకి రాలేదు. మా నాన్న కిటికీ దగ్గరికి వచ్చా. అన్నం పెడితే ఇక్కడే తింటా" అంది. మాట మెత్తగానే ఉంది, ఒట్టు ఒట్టులాగే ఉంది. సుబ్బాయమ్మ లోపలికి వెళ్లి, పెరటి వైపునే ఉన్న పూజ గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. కోళ్ల ఇంట్లో, ఊక మీద మోకాళ్లు ఆనించి, వదినగారి నుదుట నిండుగా బొట్టు పెట్టింది. పెట్టి, పక్కకు తప్పుకుని మొగుడి వంక చూసింది.

వీరరాఘవయ్య గొంతు సవరించుకున్నాడు. ఆరేళ్ల ముల్లు ఒకసారి కదిలింది.

"అక్కయ్యా, ఇంటికి రా."

సరోజినీదేవి వెంటనే లేచింది. ఇంత చిన్న మాటకు ఇంతకాలం ఎందుకు పట్టిందని ఎవరూ అడగలేదు. పెరటి దారి వద్దని, కొత్తగా వచ్చే ఆడపడుచు వీధి గుమ్మంలోంచే రావాలని సుబ్బాయమ్మ అందరినీ చుట్టూ తిప్పి తీసుకెళ్లింది. సరోజినీదేవి గడప ముందు ఆగి, దాన్ని తాకి కళ్లకద్దుకుని, కుడికాలు లోపల పెట్టబోయి, అలాగే ఉండిపోయింది.

హాలు నిండా కోళ్లు. ముప్పై ఎనిమిదీ. ఫ్యాను కింద, చల్లటి గచ్చు మీద, సుబ్బాయమ్మ ఆరబోసిన మామిడి ముక్కల మధ్య, రెక్కలు సర్దుకుని, సొంత ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఒకటి వాలుకుర్చీ చేతి మీద ఎక్కింది. మరొకటి ఆవకాయ జాడీ మూత మీద గుడ్డు పెట్టి, అలవాటు ప్రకారం దాని వంక తిరిగి చూడకుండా వచ్చేసింది. సుబ్బాయమ్మ "నా ముక్కలూ!" అని పెట్టిన కేకకు కూడా అవి కదల్లేదు.

"ఒరేయ్ రాఘవా" అంది సరోజినీదేవి గడప మీద నుంచి. "వీళ్లకి కార్డేశావా, బొట్టు పెట్టావా?"

ఆ నవ్వు వీధి చివర దాకా వినిపించింది. మజ్జిగ చిట్టెమ్మ ఆగి విని, మేడ గృహప్రవేశం కూడా ఇవాళే అయిపోయిందని బజారుకు చెప్పడానికి పరుగెత్తింది. మిగిలిన ముక్కలతోనే ఆవకాయ కలిపి, కలిపిన బేసిన్‌లోనే వేడి వేడి అన్నం వేసి, సుబ్బాయమ్మ అందరికీ ముద్దలు పెట్టింది. సరోజినీదేవి సాయంత్రం బస్సుకు కాదు, మర్నాడు బస్సుకు కూడా కాదు, మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాక వెళ్లింది.

బాలశౌరి ఆ సాయంత్రమే ఊచల మీద ఇనుప వల కొట్టేశాడు. గాలి వస్తోంది, పిల్లి రాదు, సందు లేదు. అన్నీ అమరాయి. ముప్పై ఎనిమిది కోళ్లను మాత్రం ఎంత తోలినా, ఎన్ని జొన్నలు చల్లినా, వాటంతట అవి ఒక్కటీ హాలు దాటి గూటికి వెళ్లలేదు. వాటిని ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు మరి.